కార్డు పెట్టెలోని ఎడమ పాదం

డిటెక్టివ్ గారి గదిలోకి ఒక ముసలాయన ఆదరాబాదరాగా వచ్చాడు. అయినా ఆయన చూపు ముందుగా సహాయకురాలి చెప్పుల మీదే పడింది.

"కుడిది బిగుతుగా ఉందమ్మా. మడమ కమిలిపోయింది చూడు."

ఆమె ఆయన్ని వెంటనే గుర్తుపట్టింది. కొలతల తాత! చిన్నప్పుడు నాన్న చెయ్యి పట్టుకుని ఆ చెప్పుల దుకాణానికి వెళ్తే, పీట మీద కూర్చోబెట్టి, పాదం కింద చల్లటి ఇనుప కొలబద్ద పెట్టేవాడు. ఆ చలికి తను కిలకిలా నవ్వేది. ఎంత హాయిగా ఉండేవి ఆ రోజులు!

"కార్డుల పెట్టె పోయింది బాబూ," అన్నాడు తాత డిటెక్టివ్‌తో. "దుకాణానికి వచ్చిన ప్రతి మనిషికీ పాదాల కొలతలతో ఒక కార్డు. నేనూ, చనిపోయిన మా యజమాని పెద్దాయనా ముప్పై ఏళ్ళు రాసినవి. నేనే పక్కవీధి దుకాణానికి అమ్ముకున్నానంటోంది ఇప్పుడు దుకాణం నడిపే ఆయన కూతురు. సాయంత్రంలోగా దొరక్కపోతే రేపటి నుంచి రావద్దంది. ఉద్యోగం పోతే పోనీ. దొంగ అనిపించుకుని ఆ గడప ఎలా దాటను?"

దుకాణంలో పెద్దాయన కూతురు విసుగ్గా ఎదురొచ్చింది.

"పెట్టె ఉన్న గది తాళం ఎవరెవరి దగ్గర ఉంటుంది?" డిటెక్టివ్ అడిగాడు.

"నా దగ్గర, తాత దగ్గర. కంప్యూటర్లు కూడా అక్కడే కాబట్టి మా ఇంజినీరు దగ్గర."

ఇంజినీరు ఉత్సాహంగా తెర చూపించాడు. "ఏడు శాఖలు, ఎనిమిది లక్షల బిల్లులు సార్! ఈ శాఖ ఒక్కటే మొన్నటిదాకా లెక్కకి అందక సతాయించింది. ఇప్పుడు చూడండి, మన దగ్గర కొనే ఈ టీచరమ్మ వస్తే ఎడమ చెప్పులో పలచటి అట్ట వేసి ఇమ్మని కంప్యూటరే చెప్తోంది."

సహాయకురాలు నోరెళ్ళబెట్టింది. డిటెక్టివ్ మాత్రం బల్ల మీది బిల్లు ఒకటి తీసి తిరగేశాడు. "జతకి ఒకటే సైజు రాస్తారా?"

"రెండు కాళ్ళకి రెండు సైజులు రాయడానికి అందులో చోటెక్కడండీ?" అని నవ్వింది యజమానురాలు.

నాలుగింటికి అందరినీ కొలతల పీటల చుట్టూ కూర్చోబెట్టాడు డిటెక్టివ్. ఆయనకి ఊరించడమంటే మహా సరదా. టీ పూర్తిగా తాగాకే నోరు విప్పాడు.

"బిల్లుకి తెలిసింది ఒకే సైజు. మరి టీచరమ్మ ఎడమ పాదం చిన్నదని కంప్యూటర్‌కి ఎవరు చెప్పారు? రెండు పాదాలూ విడివిడిగా కొలిచి రాసేది తాత ఒక్కడే. ఆ రాత కార్డులో తప్ప ఎక్కడా లేదు. అమ్మేవాడు పక్కవీధికి పంపుతాడు గానీ మన తెర మీదికి ఎక్కించడు కదా, ఇంజినీరు గారూ?"

ఇంజినీరు లేచి లోపలికి వెళ్ళాడు. కంప్యూటర్ వచ్చిన ఖాళీ అట్టపెట్టెలోంచి కార్డులు తెచ్చిపెట్టాడు.

"మిగతా శాఖల్లో కొన్న చెప్పులు సరిపోక తిరిగొస్తాయి, ఇక్కడ రావు. ఎందుకో ఎనిమిది లక్షల బిల్లులు వడగట్టినా తేలలేదు. ఈ నెలలోగా తేల్చకపోతే నన్ను పంపించేస్తామన్నారు. కార్డులు కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని తిరిగి పెట్టేద్దామనుకున్నా. ఈలోగా తాత మీద పడ్డారు. చెప్తే ఉద్యోగం పోతుందని దాచేశాను."

"ఏ సైజు ఎన్ని జతలు తెప్పించాలో ఆ బిల్లులు చెప్తాయి, అది తాత వల్ల కాదు," అన్నాడు డిటెక్టివ్. "ఎదురుగా కూర్చున్న మనిషికి ఎక్కడ నొప్పో ఈ కార్డే చెప్తుంది. దుకాణానికి రెండూ కావాలి. అడిగి తీసుకోవాల్సింది." అంటూ ఒక పాత కార్డు తీసి యజమానురాలి చేతిలో పెట్టాడు.

చిన్న పాదం గీత. పక్కన తండ్రి చేతిరాత: 'మా అమ్మాయి. బిగుతుగా ఉన్నా చెప్పదు. మనమే నొక్కి చూడాలి.'

ఆమె కళ్ళు తుడుచుకుని ఆ గీత వెంబడి వేలు పోనిచ్చింది. సహాయకురాలికీ కళ్ళు చెమర్చాయి. తాత మెల్లిగా నేల మీద కూర్చుని, యజమానురాలి చెప్పు కొసన బొటనవేలితో నొక్కాడు.

"ఎలా ఉందమ్మా?"

"బిగుతుగానే ఉంది తాతా," అంది ఆమె ఏడుస్తూ. "రేపు పొద్దున్నే వచ్చి కొలత తియ్యి."