కల్పలతకు ప్రాక్సీ

సికింద్రాబాద్‌ల మా కాలేజీ హాస్టల్ ఎనక ఒక పాత నీళ్ల బాయి ఉంది. చీకటి పడ్డదంటే అటు ఎవ్వరూ పోరు. పోతే కల్పలత పిలుస్తదంట...

ఒకప్పుడు తెల్లోళ్ల పల్టన్ ఉన్న జాగా అది. తర్వాత యూనివర్సిటీ తీసుకొని కాలేజీ పెట్టింది. బోర్డులు మారినయ్, కోర్సులు మారినయ్. నల్లాలు మాత్రం ఎన్నడూ సక్కగ రాలే.

దెయ్యమట! ఆ మాటింటే నా ఒళ్లు మండుతది. కల్పలత నా రూమ్మేట్. నల్లా రాక, తెల్లారితే పరీక్షుందని, రాత్రి బకెట్ పట్టుకొని బాయికి పోయింది — తిరిగి రాలే. కాలేజోళ్లేమన్నరు? "లవ్ ఫెయిల్యూర్." సచ్చేటోళ్లు బకెట్ తీస్కపోతరా? గట్టున ఉన్న బకెట్‌ను మాయం చేసింది అప్పటి వాచ్‌మన్ బాబూరావు. వాని నోట్ల మన్నువడ! ఇప్పటి పిల్లలకు ఆ బకెట్ సంగతే తెల్వదు.

మా చిన్నమ్మ బిడ్డ ఊర్మిళ ఇప్పుడు అదే హాస్టల్ల ఉంటది. మొన్న ఎండాకాలంల జరిగింది, ఆమె చెప్పినట్టే చెప్తున్న.

నీళ్లు లేవు, సోమవారం నుంచి హాస్టల్ బంద్ అన్నడు బాబూరావు. వాడే ఇప్పుడు సూపర్‌వైజర్! పరీక్షలేమో బుధవారం షురూ. ఊర్మిళ రూమ్మేట్ హదస్సాది కాకినాడ దిక్కు. ఇంటికి పోయిందంటే ఏడాది పోయినట్టే.

ఆ రాత్రి బాయి దిక్కు నుంచి గుడగుడ సప్పుడు... హాస్టలంతా దుప్పట్లు ముసుగేసింది. హదస్సా కిటికీకాడ నిలబడి ముక్కెగబీల్చింది.

"దెయ్యం డీజిల్ తాగుతుందేమిటే?"

ఇద్దరూ సప్పుడు చెయ్యకుంట పోయిండ్రు. బాయికాడ — ట్యాంకర్! బాయిలకు పైపు. పక్కన బాబూరావు.

"జల్దీ కానియ్... యాప్రాల్ అపార్ట్‌మెంటోళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నరు."

ఇన్నరా? పిల్లలకు తాగనీకి లేవు గనీ, అమ్ముకోనీకి మస్తు ఉన్నయ్! కంచే చేను మేస్తుంటే దెయ్యాన్ని ఆడిపోసుకుంటరా?

హదస్సా అటెండెన్సుల ఎవరి గొంతుతోనన్నా ప్రాక్సీ చెప్తది. ఊర్మిళ దాని చెవుల గుసగుసగ అన్నది — "కల్పలతకు ప్రాక్సీ వెయ్యవే."

హదస్సా తలూపి, బాయికి అవుతలి దిక్కు చెట్ల సాటుకు పోయింది.

ఊర్మిళ చూస్తున్నది... చూస్తున్నది... మోటర్ టక్కున ఆగింది.

"బాబూరావన్నా..."

సన్నటి గొంతు.

"జెర జరుగుండ్రి... నా బకెట్ ఇంకా నిండలే..."

డ్రైవర్ చెప్పులిడిసి ఉరికిండు. బాబూరావు ఆడనే కూలవడి, "తప్పయింది తల్లీ... నీళ్లు పిల్లలకే ఇడుస్త" అని ఏడ్చిండు. ఏడ్వనీ!

ఊర్మిళ నవ్వాపుకుంట చెట్ల కాడికి ఉరికింది. "ఏం ప్రాక్సీనే! మా మాట గిట్ల ఎప్పుడు నేర్చినవ్?"

హదస్సా చెట్టును కావలించుకొని ఇడుస్తలేదు.

"భయానికి నాకు నోరే పెగల్లేదే... నువ్వే పిలిచావనుకున్నా."

తెల్లారేసరికి నల్లాలొచ్చినయ్. హాస్టల్ బంద్ కాలే. పరీక్షలయినంక ఊర్మిళ నాకు ఫోన్ చేసి ఇదంతా చెప్పి, ఆఖరుకు అడిగింది —

"అక్కా... ఆ బకెట్ సంగతేందక్కా?"