తాబేలు తొట్టిలోని ఎర్రలు

మధ్యాహ్నం మిగిలిన చేపముళ్లను నూకరత్నం వంటింటి మట్టిపళ్లెంలో వేసింది. ఆమె చెయ్యి కడుక్కునేలోగా శుద్ధికృములు పైకి వచ్చి, వాటిని తినేసి, మళ్లీ మట్టిలోకి దిగిపోయాయి. భీమిలిలో చెత్తబండి కనబడి ఇరవై ఏళ్లయింది. వానపాముల్లా ఉండే ఈ కృములను జనం ఎర్రలనే అంటారు. వంటిళ్లలో, మురుగుకాలవల్లో, పెంపుడు జంతువుల తొట్లలో, ఆఖరికి ఆసుపత్రి పడకల్లో కూడా అవే.

నూకరత్నం తల్లి ముత్యాలమ్మ నెలరోజులుగా అలాంటి పడక మీదే ఉంది. కాలిన గాయాలు మానేదాకా వైద్యులు ఆమెను శీతనిద్రలో ఉంచారు. ఒళ్లు చల్లబరిచి, గుండె వేగం బాగా తగ్గించారు. ఎర్రలు కుళ్లిన కండను తిని, బతికున్న కండను వదిలేస్తాయి. రేపు ఆమెను లేపుతారు.

అమ్మ వచ్చేసరికి ఇల్లు సర్దాలని నూకరత్నం వరండాలోకి వెళ్లింది. తాబేలు తొట్టిలో జానెడు తడిమట్టి ఉంటుంది. అందులోని ఎర్రలు తాబేలు రెట్టను తింటాయి, తాబేలు అప్పుడప్పుడు ఎర్రలను తింటుంది. ఇవాళ మట్టి మీద ఖాళీ డిప్ప ఒక్కటే ఉంది.

"నానా, తాబేలుకేటైనాది?"

ఎల్లాజీ కుర్చీలోంచి తలెత్తాడు. యాభై ఏళ్లు సముద్రం మీద వేటాడిన మనిషి.

"చచ్చిపోనాదమ్మా. నాలుగు రోజులై మట్టిలో కూరుకుపోయి కదల్లేదు. ఇది చెత్తేనా అని తొట్టి అడిగింది. నిన్న పొద్దున్న అవునని చెప్పీసినాను."

ప్రాణముందో లేదో తేలని చోట తొట్టి గొంతుతో మనిషినే అడగాలన్నది ఎర్రలకు పెట్టిన నియమం.

"చచ్చిందని నీకెవులు చెప్పినారు?"

"ఒడ్డున తాబేలు కదలకుండా పడుంటే ఇంకేటనుకుంటాం?"

ఆయనకు తెలిసినవి సముద్రపు తాబేళ్లు. ఇది చెరువు తాబేలు. నూకరత్నానికి ఆ సంగతి ముందే చెప్పనందుకు తన మీదే కోపం వచ్చింది.

"ఎండలకి బురదలో దూరి పడుకున్నాది నానా. అప్పుడు దాని ఒళ్లు చల్లబడిపోతాది. గుండె ఎప్పుడో ఒకసారి కొట్టుకుంటాది, అంతే."

చెబుతూ చెబుతూ ఆగిపోయింది. ఒక తొట్టిలో ఎర్రలు నేర్చుకున్నది రాత్రికల్లా ఊళ్లోని ఎర్రలన్నిటికీ తెలిసిపోతుంది. అందరూ మెచ్చుకున్న గుణం అదే. చల్లటి ఒళ్లు, నెమ్మదిగా కొట్టుకునే గుండె ఉన్నది చెత్తేనని ఆయన నిన్న వాటికి నేర్పాడు.

"ఇంకో తాబేలు తెచ్చుకుందాంలే," అన్నాడు ఎల్లాజీ.

ఆమె పలుకుబిళ్ల నొక్కి ఆసుపత్రిని పిలిచింది.

"మా అమ్మని పడక మీంచి తీసీండి. ఇప్పుడే."

"కంగారు పడకండమ్మా," అంది నర్సు. "గుండె సక్రమంగానే కొట్టుకుంటోంది. పొద్దున్నుంచి ఒక్క చుక్క చీము కూడా లేదు. ఎర్రలు ఇంత శుభ్రంగా పనిచెయ్యడం నేనెప్పుడూ చూళ్లేదు."

"దుప్పటి తీసి చూడండి."

నర్సు అడుగుల చప్పుడు వినిపించింది. తర్వాత దుప్పటి లాగిన చప్పుడు, వెంటనే డాక్టరుగారూ అంటూ ఆమె పెట్టిన కేక. నూకరత్నం రెండుసార్లు పిలిచింది. అవతల ఎవరెవరో పరిగెడుతున్న అడుగులు మాత్రం వినిపిస్తున్నాయి.

ఎల్లాజీ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఏటంటన్నారమ్మా? రేపు ఎన్నింటికి రమ్మన్నారు?"