సరస్సు మీద చప్పట్లు

"మామయ్యా, ఇవి ఎప్పటికీ నిద్ర లేవవా?" గొంతు తగ్గించి అడిగింది ఇల్వా.

"లేస్తాయిలే. వాటికేమన్నా స్కూల్ బస్సు తప్పిపోతుందా?" అన్నాడు తూరె మామయ్య.

వాళ్ళిద్దరూ సరస్సు ఒడ్డున ఉన్న చిన్న చెక్కగదిలో కూర్చున్నారు. పక్షులకు కనబడకుండా వాటిని చూడటానికి కట్టిన గది అది. సన్నటి కిటికీల అవతల ఎటు చూసినా పొగమంచే. ఆకాశం ఎక్కడ ఆగిందో, నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో తెలియడం లేదు. ఆ తెల్లదనంలో వందల బెగ్గురు కొంగలు ఒంటికాలి మీద నిలబడి, తలలు రెక్కల్లో దాచుకుని నిద్రపోతున్నాయి. మబ్బులో నిలబడి కల కంటున్నట్టున్నాయి.

మామయ్య పొడవాటి లెన్సు బిగించిన కెమెరాను స్టాండు మీద పెట్టాడు.

"ఇది మిర్రర్‌లెస్ కెమెరా. నొక్కినా చప్పుడు రాదు. నువ్వూ దీనిలాగే ఉండాలి, సరేనా?"

ఇల్వా నవ్వుతూ తలూపింది. సరస్సు మొత్తం ఒకే ఫొటోలో పట్టే పొట్టి లెన్సుతో, రెండో కెమెరా పట్టుకుని మామయ్య ఒడ్డు వెంట వెళ్ళాడు.

అదే గదిలో రెండో కిటికీ దగ్గర గున్వోర్ బామ్మ కూర్చుని ఉంది. ప్రతి శరత్కాలంలో ఈ సరస్సులో దిగే కొంగల్ని లెక్కపెట్టేది ఆవిడే. చేతిలో నొక్కిన కొద్దీ అంకె పెరిగే చిన్న లెక్కల మీట ఉంది. ఒక్కో కొంగకు ఒక్కో నొక్కు.

ఇల్వా లెన్సులోంచి చూసింది. అన్నీ బూడిదరంగు మూటల్లా ఉన్నాయి. తల లేదు, రెక్క లేదు. ఇదేం ఫొటో? క్లాసులో చూపిస్తే నవ్వరూ? కాళ్ళు చల్లబడిపోయాయి. అరగంట గడిచింది. ఒక్క కొంగా కదల్లేదు.

ఒక్కసారి ఎగిరితే ఎంత బాగుంటుందో!

ఇల్వా కిటికీలోంచి చేతులు బయటికి చాచి, గట్టిగా రెండు చప్పట్లు కొట్టింది.

సరస్సు ఉలిక్కిపడింది. వందల రెక్కలు ఒక్కసారే విచ్చుకున్నాయి. నీళ్ళు చిమ్మాయి. ఇల్వా గబగబా కెమెరా మీట నొక్కుతూనే ఉంది. మంచు చీల్చుకుంటూ అరుపులతో కొంగలన్నీ చెట్ల మీదుగా వెళ్ళిపోయాయి.

"వచ్చింది! భలే ఫొటో వచ్చింది!" అని వెనక్కి తిరిగింది.

గున్వోర్ బామ్మ చేతిలోని లెక్కల మీట మీది అంకె వంక చూసుకుంటోంది. "ఎనిమిది వందల పన్నెండు," అంది మెల్లగా. "సగం కూడా కాలేదు."

ఇల్వా ముఖం వాడిపోయింది. "కోపమొచ్చిందా బామ్మా?"

"లెక్కదేముందే, రేపు పెట్టుకుంటా. ముందు అది విను."

ఎక్కడో మంచులోంచి సన్నటి పిలుపు. పీ... పీ... గోధుమరంగు తల ఉన్న పిల్ల కొంగ ఒకటి నీళ్ళలో కుంటుతూ అటూ ఇటూ తిరుగుతోంది.

"ఈ ఏడాది పిల్ల. కాలికి దెబ్బ తగిలింది," అంది బామ్మ. "పరుగెత్తితేనే కొంగ గాల్లోకి లేవగలదు. రోజూ వాళ్ళమ్మా నాన్నా దానికోసం ఆగి, మెల్లగా లేచేవాళ్ళు. ఇవాళ బెదిరి లేచిపోయారు."

"మనం వెళ్ళి తెచ్చుకుందాం బామ్మా! పాపం!"

"మనల్ని చూస్తే ఇంకా హడలిపోతుంది తల్లీ. కదలకుండా కూర్చో. ఇప్పుడు మనం చేయగలిగింది అదొక్కటే."

మామయ్య పరుగున వచ్చాడు. "ఏమైంది? నక్కేమన్నా వచ్చిందా?"

నక్క వచ్చిందంటే సరిపోయేది. ఇల్వా ఒక్క క్షణం నేల చూసింది. "కాదు మామయ్యా. నేనే చప్పట్లు కొట్టాను."

మామయ్య కెమెరా తెర మీద ఫొటో చూశాడు. "ఫొటో బాగుంది," అన్నాడు చివరికి.

"బాగా రాకపోయినా బాగుండేది," అంది ఇల్వా. కళ్ళు నిండిపోయాయి.

మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చుంది. తెచ్చుకున్న దాల్చినచెక్క బన్ను తినలేదు. పెద్ద కొంగలు రాలేదు. ఇంటికి వెళ్ళాక కూడా ఆ పీ పీ మనే పిలుపు చెవుల్లోంచి పోలేదు.

మర్నాడు తెల్లవారకముందే మామయ్యను లేపింది తనే.

గున్వోర్ బామ్మ అప్పటికే వచ్చి ఉంది. పెదవి మీద వేలు పెట్టి, కిటికీ వైపు చూపించింది. మంచులో రెండు పెద్ద కొంగలు. మధ్యలో గోధుమరంగు తల.

"నిన్న సాయంత్రం వచ్చాయి," అని గుసగుసలాడింది బామ్మ.

ఇల్వా ఊపిరి పీల్చుకుంది. లెన్సులోంచి చూసింది. ఆ మూడూ మెల్లగా గది వైపే నడిచి వస్తున్నాయి. దగ్గరికి, ఇంకా దగ్గరికి. చివరికి లెన్సులో అంతా మసకే. పొడవాటి లెన్సు అంత దగ్గరవి పట్టలేదు. పొట్టి లెన్సు కాళ్ళ దగ్గరున్న సంచిలో ఉంది. సంచి జిప్పు తీస్తే జర్రుమంటుంది.

ఇల్వా జిప్పు వంక చూసింది. తర్వాత రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది.

కెమెరా పక్కనుంచి చూస్తూ కూర్చుంది. పెద్ద కొంగ నెత్తి మీద ఎర్రటి మచ్చ. ముక్కు కొసన వేలాడుతున్న నీటి బొట్టు. పిల్ల కొంగ బురదలో ఏదో పొడిచి, మింగి, ఇల్వా వైపే తల వంచి చూసింది. దాని కంట్లో కిటికీ అంత వెలుగు.

కాసేపటికి సూర్యుడొచ్చాడు. అమ్మ కొంగ నాలుగడుగులు వేసి ఆగింది. నాన్న కొంగ మెడ చాచింది. పిల్ల కుంటుతూ పరుగెత్తింది. తడబడింది. మళ్ళీ పరుగెత్తింది. అవి ఆగాయి. మూడోసారి మూడూ కలిసి లేచాయి. వాటి రెక్కల గాలి ఇల్వా ముఖానికి తగిలింది.

ఆ మూడూ మంచులో కలిసి, పిలుపు వినబడనంత దూరం వెళ్ళాకే ఇల్వా తన చేతులు బయటికి తీసింది.