పదకొండు తర్వాత పద్నాలుగు

ఆదోని పత్తి మార్కెట్ వీధిలోని ఆ మేడమీది గదికి మంగళవారం పొద్దున వచ్చిన అమ్మాయి చెప్పులతోనే లోపలికి వచ్చేసింది. మళ్ళీ గుర్తొచ్చి గడప దాకా పోయి విప్పి వచ్చింది. అది చూసి మహాదేవి భయపడింది. ఇంట్లో ఎవరో పోయి ఉంటారనుకుంది. పెద్దవాళ్ళయితే పరవాలేదు, పసివాళ్ళయితే ఎలాగని నీళ్ళ గ్లాసు చేతికిచ్చింది. మహాదేవి ముగ్గురు పిల్లల తల్లి. ఫోను మోగితే ఆస్పత్రి నుంచేననీ, మోగకపోతే ఆస్పత్రిలో ఫోను చేసే దిక్కు కూడా లేదేమోననీ అనుకునే మనిషి.

ఆ గది ప్రైవేటు డిటెక్టివ్ పద్మాబాయిది. ముప్పై ఏళ్ళు బడి లైబ్రరీలో చిరిగిన పుస్తకాలు కుట్టి, అట్టలు వేసి, రిటైరయ్యాక ఈ పనిలోకి దిగింది. వచ్చేవన్నీ చాలావరకు పెళ్ళి సంబంధాల ఆరాలే. ఆమెకు సహాయం చేసేది మహాదేవి. పద్మాబాయి ఒక మనిషిని చూసి పొద్దున ఏం తిన్నాడో చెప్పేస్తే మహాదేవి ఆ సంగతి వారం రోజులు వీధంతా చెప్పుకుంటుంది.

వచ్చిన అమ్మాయి పేరు వనజ. ఎవరూ పోలేదు. పోయింది ఒక పేజీ.

వనజ తండ్రి సుంకన్న మిలిటరీలో పనిచేసి వచ్చిన మనిషి. సొంతూరు గోనెగండ్ల అయినా ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో స్థిరపడ్డాడు. కార్గిల్ యుద్ధంలో ఉన్నాడు. ఎమ్మిగనూరులో ఒక బడివాళ్ళు సైనికుల పేర్లతో గోడ మీద పలక పెడతామని, ఆయనకొచ్చిన పతకాల వివరం అడిగారు. ఆరా తీస్తే ఆర్మీ రికార్డులో రెండు పతకాలు, ఒక ప్రశంస ఎక్కనే లేదని తేలింది. ఆస్పత్రి నుంచి ఇంకో దళానికి మారినప్పుడు కాగితం వెనకబడిపోయిందట. మిలిటరీ వదిలేటప్పుడు ఇచ్చిన అసలు డిశ్చార్జి బుక్కులో అవి రాసిన పేజీ చూపిస్తే సరిదిద్దుతామని జవాబొచ్చింది. ఈ శుక్రవారమే గడువు. తీరా బుక్కు తీసి చూస్తే ఆ పేజీ లేదు.

“అది లేకుంటే మా నాయన అబద్ధాలకోరైపోతాడు మేడమ్,” అంది వనజ. “టీ అంగడి గోవిందన్న అందరి ముందర అన్యాడంట, సికింద్రాబాదు బజార్లో పతకాలు తూకానికి అమ్ముతారని. ఆ పొద్దు నుంచి నాయన గడప దాటల్యా. ఇంకా దాని కంటే దారుణం, మా తమ్ముడే చించినాడంటాండాడు. వాన్తో మాట్లాడి ఇరవై దినాలు.”

బుక్కు తెచ్చావా అని పద్మాబాయి అడిగింది. వనజ పసుపు గుడ్డలో చుట్టిన పుస్తకం బల్ల మీద పెట్టింది. దరఖాస్తులు రాసే మధుసూదన్ దాని అట్ట మీద ఒక చీటీ గుచ్చి పెట్టాడు: పన్నెండు, పదమూడు పేజీలు చింపబడినవి. పద్మాబాయి ఒక్కొక్క ఆకూ తిప్పింది. పది, ఎదురుగా పదకొండు. తిప్పితే పద్నాలుగు, ఎదురుగా పదిహేను. ఒక్కచోట మాత్రం ఆకు అంచును పురుగు చిన్న చిన్నగా కొరికింది. మిగతా పుస్తకం చెక్కుచెదరలేదు. ఆమె పుస్తకాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. మహాదేవి కూడా చూసింది కానీ ఆమెకు పసుపు తప్ప ఏమీ తెలియలేదు.

“ఎమ్మిగనూరు బస్సు ఎన్నింటికి?” అంది పద్మాబాయి.

దారి పొడుగునా మహాదేవి భయాలు చెప్పుకుంటూనే ఉంది. ఆ కుర్రవాడు నిజంగా చించి ఉంటే తండ్రి ఇంట్లోంచి వెళ్ళగొడతాడని, వెళ్ళగొడితే వాడు రైలెక్కి ఎటో పోతాడని, బస్సు సగం దారి దాటక ముందే వాణ్ణి బెంగుళూరు ఫుట్‌పాత్ మీద పడుకోబెట్టేసింది. పద్మాబాయి కిటికీలోంచి చూస్తూ పుస్తకం ఆకుకు ఎన్ని వైపులుంటాయని మాత్రం అడిగింది. రెండు అంది మహాదేవి. ఆ మాట గుర్తుపెట్టుకోమంది పద్మాబాయి.

ముందు మధుసూదన్ దగ్గరికి పోయారు. తాలూకా ఆఫీసు ఎదుట చెట్టు కింద కుర్చీ, బల్ల, పక్కన జిరాక్సు మిషను. బుక్కు తన దగ్గరికి వచ్చేటప్పటికే అలా ఉందని, పేజీలు లెక్కపెట్టి లేనివి రాసి పెట్టానని, ఇరవై ఏళ్ళుగా ఒక్క కాగితం తన చేతిలో పోలేదని ఒకే గుక్కలో చెప్పాడు. చింపిన గుర్తు ఎక్కడైనా చూశావా అని పద్మాబాయి అడిగితే, పేజీ లేకపోతే చింపినట్టు కాదా అని ఆయనే ఎదురడిగాడు.

గోవిందన్న టీ గిన్నె దించకుండానే మాట్లాడాడు. తాను తమాషాకు అన్నానని, సుంకన్న మిలిటరీ మనిషి కదా, మళ్ళీ ఒక మాట అంటాడనుకున్నానని, ఆయన లేచిపోతే తనకూ మనసు బాగాలేదని చెప్పాడు. వాళ్ళింటి గడప ఎప్పుడూ తొక్కలేదట. “ఆయన కూర్చునే తావులో ఎవర్నీ కూర్చోనియ్యల్యా మేడమ్. పోయి చూడండి,” అన్నాడు. బెంచీ చివర ఖాళీగానే ఉంది.

మగ్గాల వీధిలో పడుగు దారాలు పొడుగునా పరిచి ఉన్నాయి. ఇద్దరు ఆడవాళ్ళు దారాలకు గంజి పట్టించి కుంచెలతో దువ్వుతున్నారు. అందులో ఒకామె సుంకన్న భార్య ఉచ్చీరమ్మ. చేతులు కడుక్కుని పరుగున వచ్చి, మజ్జిగ ఇచ్చి, వద్దంటే బొరుగులు పెట్టింది. చదువు లేదు. ఆ బుక్కులో ఏముందో తనకు తెలియదంది. కొడుకు అమాయకుడంది. దసరా పోతే వాడికి ఇరవై ఒకటి నిండుతుందని, ఇంక మిలిటరీకి తీసుకోరంట కదా అని తానే చెప్పింది. వీళ్ళు లేవబోతుంటే పద్మాబాయి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

“ఆ కాయితం శుక్రవారానికే కావల్లనా అమ్మా? దసరా అయినాక దొరికితే పనికి రాదా?”

పద్మాబాయి పనికి రాదంది. ఉచ్చీరమ్మ ముఖం చిన్నబోయింది.

కొడుకు మంజునాథ్ మిద్దె మీద దొరికాడు. రెండేళ్ళ కిందటి దాకా రోజూ తెల్లవారి పరుగుకు పోయేముందు ఆ పేజీ చదువుకునేవాణ్ణని ఒప్పుకున్నాడు. ఒకరోజు తీస్తే లేదు. చెబితే తననే అంటారని ఊరుకున్నాడు. అదే జరిగింది. మహాదేవి ముక్కు తుడుచుకుని, వీడు కాదని పద్మాబాయి చెవిలో చెప్పింది. కాదని తనకు ఆదోనిలోనే తెలుసంది పద్మాబాయి.

మధ్యాహ్నానికి అందరినీ మగ్గం గదిలో కూర్చోబెట్టారు. సుంకన్న మంచం మీద నిటారుగా కూర్చున్నాడు. కొడుకు అంత దూరాన గోడకు ఆనుకున్నాడు. మధుసూదన్ సంచితో, గోవిందన్న భుజాన తువ్వాలుతో వచ్చారు. వనజ తల్లి పక్కన నిలబడింది. ఉచ్చీరమ్మను పొయ్యి మీద నీళ్ళు పెట్టమని పద్మాబాయి ముందే చెప్పింది. వేడినీళ్ళు ఎందుకో తెలియక, ఎవరికో కళ్ళు తిరుగుతాయని మహాదేవి సిద్ధంగా విసనకర్ర పట్టుకుంది.

“ఈ పేజీని ఎవరూ చింపలేదు,” అంది పద్మాబాయి. “మధుసూదన్‌గారూ, పదకొండో పేజీ వెనక ఏ పేజీ ఉండాలి?”

మధుసూదన్ పన్నెండు అన్నాడు.

“పదమూడు వెనక పద్నాలుగు. పన్నెండును చింపితే దాంతో పదకొండూ పోవాలి. పదమూడును చింపితే పద్నాలుగూ పోవాలి. కానీ పదకొండూ ఉంది, పద్నాలుగూ ఉంది. ఆకుకు ఒక వైపు మాత్రమే చింపగలిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.”

మధుసూదన్ తన చీటీ వైపు చూసి తల గోక్కున్నాడు. బస్సులో తాను చెప్పిన జవాబు ఇందుకేనా అని మహాదేవి గర్వంగా అటూ ఇటూ చూసింది.

“పన్నెండు, పదమూడు ఎదురెదురు పేజీలు. అంటే రెండు ఆకులూ అతుక్కుని ఒకటైనాయి. వాటంతట అవి అతుక్కోలేదు, అంచు నుంచి అంచు దాకా సమంగా ఎవరో అతికించారు. పురుగు అక్కడే కొరికింది, పిండి పదార్థం ఉంది కాబట్టి. వాసన గంజిది. లైబ్రరీలో ఇరవై రకాల జిగురు చూశాను, ఇంత పలచగా, ఒక్క మడత లేకుండా పూసిన చెయ్యి చూడలేదు. రోజూ దారాలకు గంజి పట్టించే చెయ్యి అది. పైగా ఆ కాగితం పోలేదని, దసరా తర్వాత దొరుకుతుందని తెలిసిన మనిషి ఈ ఇంట్లో ఒక్కరే ఉన్నారు.”

సుంకన్న నెమ్మదిగా భార్య వైపు తిరిగాడు. ఉచ్చీరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఎందుకు చేసిందన్నది మాత్రం తనకు అంతుపట్టలేదని పద్మాబాయి ఒప్పుకుంది. అప్పుడు మహాదేవి విసనకర్ర కింద పెట్టింది. తన పెద్దకొడుకు మోటర్‌సైకిలు కొన్నప్పుడు తాళంచెవి బియ్యం డబ్బాలో దాచి, వాడితో కలిసి నాలుగు రోజులు తానూ వెతికానని చెప్పింది.

దాంతో ఉచ్చీరమ్మ ఏడ్చేసింది. “దినామూ అదే సదువుతాండ్య. సదివి సదివి పరిగెత్తుతాండ్య. వీడు గూడా పోతాడేమో, ఈయన మాదిరి ఏడాదికొక జాబు రాస్తాడేమో అనుకొన్యా. సించడానికి చేతులు రాల్యా, అది మొగుని మర్యాద కదా. గంజి అయితే మళ్ళా తడిపితే ఊడి వస్తాది. వయసు దాటినాక విప్పుదామనుకొన్యా. ఇంతలోకి బుక్కు పెట్టెలో పెట్టి బీగం చెవి ఈయన మొలతాడుకు కట్టుకొన్యాడు.”

అందరూ సుంకన్న వైపు చూశారు. చెయ్యెత్తుతాడేమో, ఇల్లు రెండు ముక్కలవుతుందేమోనని మహాదేవి కళ్ళు మూసుకుంది. ఆయన మంచం మీద పక్కకు జరిగాడు. “మంజూ, ఈడ కూర్చో రా,” అన్నాడు. ఇరవై రోజుల తర్వాత మాట్లాడిన మొదటి మాట అదే. కొడుకు వచ్చి కూర్చున్నాడు.

సిరా చెదిరిపోతే ఏంగతి అని మహాదేవి అడ్డం పడుతూనే ఉంది. పద్మాబాయి మరిగే నీళ్ళ ఆవిరికి పైన, చెయ్యి ఎత్తు దూరంలో పుస్తకాన్ని పట్టుకుంది. అంచు మెత్తబడ్డాక ఉచ్చీరమ్మ చేతికిచ్చింది, తనకు ఆమెంత నేర్పు లేదని చెప్పి. తెగిన పోగును పడుగులోంచి ఏరే వేళ్ళతో ఉచ్చీరమ్మ ఒక మూల లేపింది. గోరంత, వేలంత, అరచేయంత. ఆకులు రెండూ విడిపోయాయి. సీలు కాస్త మసకబారింది కానీ బాల్‌పెన్ను రాత ఒక్క అక్షరం చెదరలేదు. కింద సంతకం, తేదీ ఉన్నాయి.

చదవమని తండ్రి కొడుక్కిచ్చాడు. ఇంగ్లీషులో ఉన్నది మంజునాథ్ తల్లికి తెలుగులో చెప్పాడు. ఆపరేషన్ విజయ్ పతకం. యుద్ధంలో గాయపడినవారికిచ్చే పతకం. భుజంలో గుండు దిగినాక కూడా వైర్‌లెస్ సెట్టు కింద పెట్టకుండా మోసుకుపోయి పై పోస్టుకు చేర్చినందుకు ప్రశంస.

ఉచ్చీరమ్మ కన్నీళ్ళు ఆగిపోయాయి. “గుండా? మంచులో జారి పడినానంటివి కదా.”

“జారే పడినా,” అన్నాడు సుంకన్న. “గుండు తగిలితే జారరా మరి?”

ముందుగా గోవిందన్న నవ్వాడు. నవ్వి, లేచి, ఆయన ముందు నిలబడి తువ్వాలు రెండు చేతులా పట్టుకున్నాడు. తప్పైపోయిందన్నా అన్నాడు. నీ టీ నీళ్ళ మాదిరి ఉంటాదని నేనేరోజన్నా అందరి ముందర అన్నానా అని సుంకన్న అడిగాడు. ఇప్పుడన్నావు కదన్నా అన్నాడు గోవిందన్న. అక్కడికి లెక్క సరిపోయింది. మధుసూదన్ తన చీటీ పీకేసి, అక్కడే కూర్చుని కొత్త దరఖాస్తు రాశాడు. విడివడిన రెండు పేజీలకూ జిరాక్సులు తీయించి, గురువారం పొద్దున కర్నూలులోని సైనిక సంక్షేమ ఆఫీసుకు బుక్కుతో సహా తానే వెంట వస్తానన్నాడు.

అందరూ నిజాలు చెప్పేసే వేళ కదా అని మంజునాథ్ కూడా ఒకటి చెప్పాడు. పోయినేడు ఇంట్లో చెప్పకుండా సైన్యంలో చేర్చుకునే ర్యాలీకి పోయాడట. ఎత్తు ఒక సెంటీమీటరు తక్కువని గేటు దగ్గరే వెనక్కి పంపారట. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఐటీఐలో కరెంటు పని నేర్చుకుంటున్నాడు, అదే బాగుంది. తల్లి ఆ మాటకు సంతోషిస్తుందని మహాదేవి అనుకుంది. ఉచ్చీరమ్మ సంతోషించలేదు. కొడుకును కింది నుంచి పై దాకా రెండుసార్లు చూసింది.

రెండు నెలల తర్వాత ఉచ్చీరమ్మ నుంచి ఫోను వచ్చింది. మహాదేవి తీసింది. ఆవిడ గొంతు వినగానే సుంకన్నకు ఏదో అయిందని కుర్చీలో కూలబడింది. ఏమీ కాలేదు. రికార్డు సరిదిద్దినట్టు కాగితం వచ్చింది, రెండు పతకాలూ, ప్రశంసా ఎక్కాయి. బడి గోడ మీద పలకా పెట్టారు, ఆయన రోజూ ఆ దారినే నడుస్తున్నాడు. అది చెప్పడానికి కాదు ఆవిడ చేసింది.

“అక్కా, మీ మేడమ్‌కు సెప్పు. వాణ్ణి నేను వాకిలికి నిలబెట్టి కొలిసినా, మగ్గం గజంబద్దతో మూడు తూర్లు. ఎత్తు సరిగ్గా ఉంది. ఆ మిలిటరీవాళ్ళ టేపులోనే ఏదో ఉంది. నా కొడుకును పొట్టోడంటారా వాళ్ళు? వచ్చి కనిపెట్టమను.”