ఏసీ కావాలా, వంతెన కావాలా?

కారు ఆగింది!

భానుశ్రీ అరటి గెలల వెనక ఇంకాస్త ముడుచుకుంది.

రావులపాలెం అరటి మార్కెట్. అప్పుడే చీకటి పడింది. వాన. కరెంటు లేదు. వాన పడితే కరెంటు పోవడం, కరెంటు పోతే దోమలు రావడం... ఈ రెండూ మాత్రం ఎప్పుడూ ఆలస్యం కావు.

తెల్ల కారు. ఇంజను ఆగలేదు. హారన్ రెండుసార్లు మోగింది.

ఎవరిది?

సాంబశివరాజు బాబాయిగారిదా... చంద్రరావుదా?

నిన్న రొయ్యల చెరువు గట్టు మీద చంద్రరావు తన పార్ట్‌నర్‌ని నీళ్ళలో తొక్కిపట్టి చంపడం ఆమె చూసింది. ఆమె చూడటం చంద్రరావూ చూశాడు! వాడి మనుషులు సాయంత్రం నుంచి ఊరు జల్లెడ పడుతున్నారు. ఈ రాత్రికి రాజమండ్రి చేరి పోలీసులకి చెప్పాలి. చేరకపోతే... రేపు ఏ కాలవలోనో తేలాలి.

ఫోన్లో బాబాయి చెప్పిన మాటలు గుర్తొచ్చాయి.

"నా తెల్ల థౌజండ్ కారు వేసుకొస్తానమ్మా. వాడిదీ తెల్లదే, ఎస్టీమ్. ఒకే కంపెనీ, ఒకే ఒళ్ళు. కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. ఏ బండో వెనక డిక్కీ మీద రాసుంటుంది. అది చూసుకుని మరీ ఎక్కు!"

కారు మెల్లగా కదిలింది. ఎర్ర లైట్ల మధ్య అక్షరాలు మెరిశాయి.

ఎస్టీమ్!

గెలల వెనక్కి ఒదిగిపోయింది.

అది సెంటర్ దాకా వెళ్ళి, మళ్ళీ ఇటే తిరుగుతోంది... అంతలో పక్క సందులోంచి ఇంకో తెల్ల కారు! అదే ముక్కు. అదే నడుము. ఆమెని దాటి ఆగింది. డిక్కీ మీద అంకెలు...

1000.

ఒక్కటే పరుగు!

ముందు డోరు తెరుచుకుంది. డ్రైవరు కొత్తవాడు.

"ఎక్కండమ్మా. రాజుగారు పంపారండి. ఆయనకి ఒంట్లో నలతగా ఉందండి."

"వెనకెవరు?"

సీట్లో ఎవరో దుప్పటి ముసుగేసుకుని పడుకున్నారు.

"మా నాన్నండి. జొరమండి. పెద్దాసుపత్రిలో దింపేద్దామని... ఏమీ అనుకోకండి."

ఇన్ని 'అండి'లు పెట్టేవాణ్ణి ఎవరు అనుమానిస్తారు? ఎక్కేసింది.

పక్క అద్దంలో ఎస్టీమ్ లైట్లు!

"తొందరగా! వాళ్ళు వెంటపడ్డారు!"

"మీకేం భయం లేదండి."

కారు దూసుకెళ్ళింది. ఏసీ గాలి మొహానికి కొడుతోంది. తడిసిన ఒళ్ళు వణుకుతోంది. జొన్నాడ వంతెన ఎత్తు మొదలైంది.

ఆ వణుకులోనూ ఆమెకి నవ్వొచ్చింది. బాబాయి ప్రతిసారీ ఇక్కడే వెనక్కి తిరిగి అడుగుతారు. "ఏసీ కావాలా, వంతెన కావాలా?" ఆ బండి రెండూ ఒకేసారి ఇవ్వదు. ఏసీ కట్టేసి, అద్దాలు దింపి, మూలుగుతూ ఎక్కాల్సిందే. ఓసారి పిన్నిగారు విసిగి దిగిపోయి, నడిచి అవతలికెళ్ళి, టీ తాగి, గ్లాసు కూడా కడిగిచ్చాక బండి వచ్చిందని భీమవరంలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

డ్రైవరు ఏసీ కట్టలేదు.

బండి మూలగలేదు.

కొంగలా లేచి వంతెనెక్కేసింది!

భానుశ్రీ నవ్వు ఆగిపోయింది.

ఇది... థౌజండ్ కాదు!

"ఏసీ... కట్టరా?"

"ఎందుకమ్మా? ఉక్కగా ఉందిగా."

ఆ మాట అన్నది డ్రైవరు కాదు!

వెనక దుప్పటి లేచింది. చంద్రరావు! చేతిలో కత్తి.

"మీరు రాజుగారికి ఫోన్ చేసిన కొట్టు మావాడిదే. ఆయనది థౌజండ్ అని జిల్లా అంతా తెలుసు. పాత ఇనుము కొట్లో ఒకటీ, మూడు సున్నాలూ దొరకవా? ఇందాకే అంటించాం. జిగురైనా ఆరలేదు. చూశారా, మేం మిమ్మల్ని పట్టుకోలేదు... మీరే పరుగెత్తుకొచ్చి ఎక్కారు!"

తలుపు లాగింది. రాలేదు. లాక్!

"బాబాయిగారు ఊరుకోరు! వచ్చేస్తారు!"

"రానివ్వండి. వంతెన చివర మా సత్తిపండు మధ్యాహ్నం నుంచి తుపాకీతో కాపలా ఉన్నాడు. వాడికి కార్లు పోల్చడం రాదు. అందుకే ఒక్క ముక్క చెప్పి కూర్చోబెట్టా. డిక్కీ చూడరా, వెయ్యి అనుంటే కాల్చెయ్యరా అని!"

పకపకా నవ్వాడు.

వెయ్యి...

చెప్పింది మధ్యాహ్నం. అంకెలు అంటించింది ఇందాక.

భానుశ్రీకి అర్థమైంది. చంద్రరావుకి ఇంకా కాలేదు!

వంతెన చివర టార్చి వెలిగింది. ఆ వెలుగు కారు ముక్కు దాటింది... తలుపులు దాటింది... డిక్కీ మీదికి పాకింది...

ఆమె తల మోకాళ్ళలో దూర్చేసింది.

"ఏంటమ్మా, ఇప్పుడు దణ్ణాలు పెడితే..."

ఢాం!

వెనక అద్దం భళ్ళుమంది. చంద్రరావు మాట సగంలో తెగింది. కారు పిట్టగోడని గీసుకుని ఆగింది. డ్రైవరు "అమ్మబాబోయ్!" అంటూ డోరు తీసుకుని చీకట్లోకి పారిపోయాడు. ఆ డోర్లోంచే ఆమె పాకుతూ బయటపడింది.

వెనక నుంచి ఏదో వస్తోంది... మూలుగుతూ!

ఇందాకటి ఎస్టీమ్! అద్దాలన్నీ దించి ఉన్నాయి. దాటి ముందుకొచ్చి ఆగింది. కిటికీలోంచి తడిసిన బట్టతల.

"భానూ! ఎక్కమ్మా!"

బాబాయి!

దూకి ఎక్కింది. "వెనక ఎస్టీమ్ అని ఉందేంటండీ!"

"క్లబ్బులో అందరివీ ఎస్టీములేనమ్మా... మొన్నే నేనూ అక్షరాలు కొని అంటించా. నీకు చెప్పడం మర్చిపోయా!"

సత్తిపండు పరుగెత్తుకొస్తున్నాడు. టార్చి వాళ్ళ డిక్కీ మీద పడింది. తుపాకీ లేచింది.

ఆమె కళ్ళు మూసుకుంది.

ఏమీ పేలలేదు.

కళ్ళు తెరిచింది. సత్తిపండు సెల్యూట్ కొడుతున్నాడు!

"మన బండే! పోనివ్వండి అయ్యగారూ! థౌజండ్ పని నేను చూసుకున్నానండి!"

బాబాయి గేరు వేశారు. బండి మూలిగి కదిలింది. ఏసీ లేదు. అద్దాలు దించే ఉన్నాయి. అందుకే అంత వానలోనూ వెనక ఆగిపోయిన కారు తలుపు తెరిచిన చప్పుడూ, సత్తిపండు గొంతూ స్పష్టంగా వినిపించాయి.

"అయ్యగారూ...! మీరేంటండీ ఇందులో?"