ఐదు గంటల గిన్నె

"నా కొడుకుని ఏం చేశావే!... నిలువెత్తు మనిషి మంచానికి అతుక్కుపోయాడు! వేళకింత చేమదుంప ఉడికించి పెడితే ఇలా అయ్యేవాడా?"

అత్తగారు లోసలినీ గుమ్మంలోంచే మొదలుపెట్టింది. ఉలమిల కన్నీళ్ళు దిగమింగుకుంది. భర్త ఎపరామ ఆఫీసు మానేసి నాలుగు రోజులు. పిలిస్తే పలకడు. నిన్న మాత్రం నోరు విప్పి, "ఉలా... నేను లేకపోయినా మీరు బాగానే ఉంటారు కదూ!" అన్నాడు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

డిప్రెషన్ అంది డాక్టరమ్మ. మందులు రాసి, ఆయన రోజెలా గడుస్తుందని అడిగింది. పొద్దుటినుంచీ కుర్చీ. మధ్యాహ్నం నూడుల్స్ పొట్లం. ఐదు కొట్టగానే ఆఫీసులోనే చాప పరిచి, మత్తెక్కించే యంగోనా మొక్క వేళ్ళ రసం గిన్నె చుట్టూ చేరడం... ఇక తిండి లేదు, నిద్ర లేదు, నాలుగడుగులు నడిచింది లేదు! "ఇవన్నీ జబ్బుని ముదురుస్తాయమ్మా, ముందు ఆ గిన్నె మానిపించు" అంది డాక్టరమ్మ.

ఎలా మానతాడు, అనుకుంది ఉలమిల. ఆ రసం కొబ్బరిచిప్పలో నింపి అందించేది ఆఫీసు పెద్ద సకియూసా. పైగా వాళ్ళ వంశానికే పెద్ద. ఆయన చేతి చిప్ప తోసేసి ఈ సువా పట్నంలో తలెత్తుకు తిరగగలడా?

ఉలమిల కళ్ళు తుడుచుకుంది. బజారునుంచి తెచ్చిన ఎండు యంగోనా వేళ్ళ కట్ట చేతిలోకి తీసుకుంది.

"రండత్తయ్యా, ఆఫీసుకెళ్దాం. ఈ కట్ట పెట్టి, ఆయనకి ఆ గిన్నెనుంచి విడుదల అడగాలి."

"వేళ్ళ కట్ట పెట్టి, ఆ వేళ్ళ రసమే మానిపించమంటావా! మతి పోయిందా నీకు?"

"పోతే పోనీండి. మీ అబ్బాయి దక్కితే చాలు!"

లోసలినీ కోడలి వెంట నడిచింది.

ఆఫీసులో అప్పుడే రసం పిసుకుతున్నారు. ఉలమిల చెప్పులు బయట విడిచి, వంగి వెళ్ళి, కట్టని సకియూసా ముందు పెట్టింది.

"పెద్దయ్యా! కట్ట పెట్టి అడిగితే మన పెద్దలు ఏనాడూ కాదనలేదు. నా భర్తని ఈ గిన్నెనుంచి విడిచిపెట్టండి! పగలంతా మీకు పని చేస్తాడు. సాయంత్రాలు మాత్రం మాకివ్వండి..."

"ఇంట్లో సాధించింది చాలక ఇక్కడికీ వచ్చావా వదినా?" అని ఒకడు ఇకిలించాడు.

అంతే! లోసలినీ విరుచుకుపడింది. "నోర్ముయ్‌రా! రెండు మెట్లెక్కితే ఆయాసపడే నువ్వా మాట్లాడేది? నా కోడలు అడుగుతున్నది నా కొడుకు ప్రాణం!"

ఉలమిల నివ్వెరపోయి అత్తగారిని చూసింది.

సకియూసా రెండు చేతులా కట్ట అందుకుని, ఒప్పుకున్నట్టు ఆచారం ప్రకారం మూడుసార్లు చప్పట్లు కొట్టాడు.

"తీసుకున్నాను తల్లీ. వాడికి విడుదల!" తర్వాత గొంతు తగ్గించాడు. "నాకూ సరిగ్గా నిద్రపట్టక ఏడాదైంది... నాకోసం ఇలా అడిగేవాళ్ళే లేకపోయారు. ఇంకెవరికి కావాలిరా విడుదల?"

ఒక చెయ్యి లేచింది. ఇంకొకటి... ఆఖరికి ఆ ఇకిలించినవాడి చెయ్యీ లేచింది! సకియూసా గిన్నె పెరట్లోకి తీసుకెళ్ళి కుమ్మరించాడు.

ఎపరామ ఒక్కరోజులో కోలుకోలేదు. మందులు పనిచెయ్యడానికే వారాలు పట్టింది. మళ్ళీ ఆఫీసుకెళ్ళిన తొలిరోజు, ఐదు కొట్టగానే అందరూ సముద్రపు గట్టు వెంట నడుచుకుంటూ ఇళ్ళకి బయల్దేరారు. వాకిట్లో ఆడుకుంటున్న చిన్నకూతురు ఎపరామని చూసి ఒక్క క్షణం నమ్మలేకపోయింది. ఆ తర్వాత వీధంతా వినపడేలా కేక పెట్టింది.

"అమ్మా! నాన్న వచ్చేశాడు! ఇంకా ఎండ ఉండగానే వచ్చేశాడు!"