తుడిచేసిన గీతలు

ఫోటో స్టూడియో వెనక గదిలో, కంప్యూటర్ పక్కనున్న కిటికీకి ఒక సాలీడు గూడు కట్టింది. పసుపు చారల పొట్ట, పొడుగాటి కాళ్ళు. పొద్దస్తమానం ఆ గదిలో ఒక్కతే కూర్చుని ఊళ్ళోవాళ్ళ ముఖాల మీది మొటిమలూ ముడతలూ తుడిచే స్టూడియో అమ్మాయికి అది తోడైపోయింది. వాళ్ళ నాన్నకి మాత్రం దాన్ని చూస్తేనే ఒళ్ళు జలదరించేది.

"విషప్పురుగు కాదని తెలిసినవాళ్ళెవరైనా చెప్తే సరే. లేకపోతే సాయంత్రం చీపురు పట్టుకొస్తాను" అని తెగేసి చెప్పాడాయన.

కాలేజీలో జువాలజీ చెప్పే కుర్ర లెక్చరర్ నంబరు, ఐడీ కార్డు ఫోటోల పుణ్యమా అని ఆమె దగ్గరుంది. సాలీణ్ణి ముచ్చటగా ఫోటో తీసి పంపింది. కాసేపట్లోనే ఫోన్ మోగింది.

ఈ ఫోటోని బట్టి ఏమీ చెప్పలేనన్నాడు లెక్చరర్. తను అనుకుంటున్న సాలీడే అయితే గూటి మధ్యలో తెల్లటి వంకర గీతలుండాలి, ఇందులో ఒక్కటీ లేదు. పైగా అది తల కిందికి పెట్టి వేలాడాలి, ఇదేమో పైకి చూస్తోంది. అసలిది నిజమైన ఫోటోయేనా అని కూడా అడిగాడు. అంతే, ఆమెకి చిర్రెత్తుకొచ్చింది.

"మా ఫోటోలకి వంక పెట్టినవాళ్ళు ఇంతవరకూ లేరు సార్. నమ్మకం లేకపోతే వచ్చి చూసుకోండి."

అతను నిజంగానే వచ్చాడు. వంగి కిటికీని చూశాడు, ఫోన్లో ఫోటో చూశాడు, మళ్ళీ కిటికీని చూశాడు. గూటి మధ్యలో తెల్లటి గీతలు గుడ్డ మీద కుట్టులా మెరుస్తున్నాయి. సాలీడు హాయిగా తలకిందులుగా వేలాడుతోంది.

"ఫోటోలో ఈ గీతలేమయ్యాయండీ?"

ఆమె నాలుక్కరుచుకుంది. "మీకు పంపే ఫోటో కదా, నీట్‌గా ఉండాలని తుడిచేశాను. తలకిందులుగా ఉందని తిప్పేశాను కూడా."

అతను పగలబడి నవ్వాడు. "వాటిని బట్టే కదండీ దీన్ని గుర్తుపట్టేది. సిగ్నేచర్ స్పైడర్ అంటారు దీన్ని. సంతకం చెరిపేసి ఇదెవరో చెప్పమంటే నేనేం చెప్పను?"

అది మనుషుల జోలికి రాదని వాళ్ళ నాన్నకి పూచీ ఇచ్చాడు. చీపురు మూలకి చేరింది.

అప్పట్నుంచి సాలీణ్ణి చూసే వంకతో అతను కాలేజీ వదలగానే వచ్చేవాడు. అదేం తిందో, ఎంత పెరిగిందో మాట్లాడుకుంటూ మాట్లాడుకుంటూ సాలీడు సంగతే మర్చిపోయేవారు. అతని ఎడమ కనుబొమ్మలో చిన్న గాటుంది. నవ్వితే అది పైకి లేస్తుంది. ఎందరి ముఖాల మీదో గాట్లు పూడ్చిన ఆ అమ్మాయి, దాన్ని మాత్రం దొంగచూపులు చూస్తూ కూర్చునేది.

ఒక రాత్రి గాలివాన కొట్టింది. తెల్లారేసరికి గూడూ లేదు, సాలీడూ లేదు. ఇక అతనికి ఇక్కడ పనేముంది అనుకుంది ఆమె దిగులుగా.

సాయంత్రం అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఖాళీ కిటికీని చూసి నొచ్చుకున్నాడు. తర్వాత గొంతు సవరించుకుని, ఫోటో తీయించుకోవాలన్నాడు.

"దేనికి?"

"పెళ్ళి సంబంధానికి. అమ్మ అడిగింది."

ఆమె లైట్లు వేసింది. గడ్డం కొంచెం పైకి పెట్టమంది గానీ నవ్వమనలేదు. కంప్యూటర్ ముందు కూర్చుని, అలవాటు కొద్దీ మౌస్‌ని కనుబొమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. చెయ్యి రాలేదు. ఎవరింటికి వెళ్ళే ఫోటో అయినా సరే, ఆ గాటు లేకుండా పంపడం ఆమె వల్ల కాలేదు. ఉన్నదున్నట్టే ప్రింట్ తీసి కవర్లో పెట్టి ఇచ్చింది.

అతను తిన్నగా ముందు గదిలోకి వెళ్ళి, ఆ కవర్ ఆమె నాన్న చేతిలో పెట్టాడు.

"అమ్మ దీన్ని మీకే ఇమ్మందండీ. ఆదివారం తనే వచ్చి మాట్లాడుతుంది. మీ అమ్మాయికి ఇష్టమైతేనే."

పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని ఫోటోని చూశాడు, అతన్ని చూశాడు, కర్టెన్ పట్టుకుని నిలబడ్డ కూతుర్ని చూశాడు. ఆయనకి సంగతి ఎప్పుడో తెలుసు. తెలియనట్టుండటం ఆయనకో సరదా.

"ఇదేంటమ్మా, ఈ గాటు తుడవలేదు?"

"అది తుడిచేస్తే ఈయన్ని గుర్తుపట్టేదెలా నాన్నా" అని ఆమె కర్టెన్ చాటుకి వెళ్ళిపోయింది.